మెరుపు పరుగు... మెత్తని మనసు

వేట కోసం పుట్టిన జాగిలం ఇంటి కుక్కగా ఒదుగుతుందా? నిక్షేపంగా ఒదుగుతుంది. దాని కన్ను ఎలాంటిదో, కాలు ఎలాంటిదో ముందే తెలుసుకున్న మనుషులు ఆ ఇంట్లో ఉండాలి, అంతే.

2020 ఆగస్టు 30న ‘మన్‌ కీ బాత్‌’లో ప్రధాని నరేంద్ర మోదీ దేశీ కుక్కల ఊసెత్తారు. ముధోల్‌ హౌండ్‌, రాజపాళయం, కన్ని, చిప్పిపారై, కొంబై అంటూ పేరుపేరునా చెప్పి, కుక్కను పెంచుకునే ఆలోచన ఉంటే మన జాతుల్లో ఒకదాన్ని తెచ్చుకోండని కోరారు. అప్పటిదాకా లాబ్రడార్‌, పొమెరేనియన్‌ తప్ప మరో పేరు వినపడని ఇళ్లలోనూ ముధోల్‌ మాట మొదలైంది. పొడుగు కాళ్ల కుక్కపిల్లల ఫొటోలు వాట్సాప్‌లో తిరిగాయి. సంతోషించాల్సిన విషయమే. తరతరాలుగా ఈ గడ్డ మీద మనిషి పక్కన పరిగెత్తిన జంతువుకు ఇన్నాళ్లకు నలుగురి నోటా పేరు దక్కింది.

అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. అరచేతిలో పట్టిన పిల్ల ఏడాది తిరిగేసరికి రెండడుగులు దాటి పెరుగుతుంది. ఎదురింటి పిల్లి కనపడితే చేతిలోని గొలుసు లాగేసుకుని ఉరుకుతుంది. పరుగుకు చోటివ్వకుండా గదిలో పెట్టి తాళం వేస్తే సోఫా పీలికలు చేస్తుంది. అప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. మేడ మీద కట్టేయడం, లేదంటే తెలిసినవాళ్ల తోటకు పంపేయడం. మరీ మనసు రాయి చేసుకున్నవాళ్లయితే ఊరి బయట వదిలేసి రావడం. జంతు సంరక్షణ కేంద్రాల బోనుల్లో పొడుగు మూతి, సన్నటి నడుముతో నిలబడి, వచ్చినవాళ్లందరి ముఖాలూ చూసే కుక్కలు అలా చేరినవే. ఈ కథనం వాటికోసం. వాటిని ఇంటికి తీసుకెళ్లగల మనసున్న కుటుంబాల కోసం.

ముక్కు కాదు, కన్ను

మనం టీవీలో చూసే పోలీసు జాగిలం నేలకు ముక్కు ఆనించి వాసన పట్టుకుంటూ పోతుంది. ఈ కుక్కలు తల పైకెత్తి దూరంగా చూస్తాయి. కదిలేదేదో కంటపడగానే పరుగు అందుకుంటాయి. వేటంతా చూపు మీదే. వీటినే సైట్‌హౌండ్‌లంటారు. ఇంగ్లండ్‌ గ్రేహౌండ్‌, అరబ్బుల సలూకీ, అఫ్గాన్‌ హౌండ్‌, రష్యా బోర్జాయ్‌, సహారా అంచున సంచార జాతులు పెంచే అజవాక్‌, స్పెయిన్‌ గాల్గో... అన్నీ ఈ కోవలోవే. మన దేశంలో దక్కన్‌ ముధోల్‌, ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌ నవాబులు పెంచిన రాంపూర్‌ హౌండ్‌, తమిళనాడు దక్షిణ జిల్లాల చిప్పిపారై, కన్ని ఈ కుటుంబానికి చెందినవి. దేశాలు వేరైనా ఒళ్లు మాత్రం ఒకే తీరు. లోతైన ఛాతీ, లోపలికి నొక్కుకుపోయిన పొట్ట, సన్నటి పొడుగు కాళ్లు, ఇరుకైన తల. చెట్టూ చేమా తక్కువున్న బయలు నేలలో, వేగంగా పరిగెత్తే జంతువును పట్టుకోవాల్సిన పని ఈ ఒంటిని చెక్కింది.

ఆ కన్ను సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. తల పొడుగ్గా, ఇరుగ్గా ఉండడంతో కళ్లు కొంచెం పక్కలకు తిరిగి ఉంటాయి. మనిషి తల కదపకుండా సుమారు 180 డిగ్రీల మేర చూడగలిగితే, సైట్‌హౌండ్‌ దాదాపు 270 డిగ్రీల మేర చూస్తుందని అంచనా. కంటి లోపలా తేడా ఉంది. చూపును మెదడుకు చేరవేసే కణాలు పొడుగు మూతి కుక్కల్లో రెటీనాకు అడ్డంగా ఒక పట్టీ మాదిరిగా పేరుకుని ఉంటాయని, పొట్టి మూతి కుక్కల్లో మధ్యన గుమిగూడి ఉంటాయని 2004లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. అంటే నేలా నింగీ కలిసే గీత వెంట ఎక్కడ ఏది కదిలినా ఈ కుక్కకు తెలిసిపోతుంది. రోడ్డు చివర గాలికి ఎగిరే ప్లాస్టిక్‌ సంచిని మనకన్నా ముందే చూసి చెవులు నిక్కించేది అందుకే.

ఇక పరుగు. గుర్రం దౌడు తీసేటప్పుడు నాలుగు కాళ్లూ ఒక అంగలో ఒకసారి గాల్లోకి లేస్తాయి. సైట్‌హౌండ్‌కు రెండుసార్లు లేస్తాయి. ముందుకాళ్లూ వెనకకాళ్లూ బారుగా సాగినప్పుడు ఒకసారి, నాలుగూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు ఇంకోసారి. వెన్నెముక సాగుతూ ముడుచుకుంటూ ప్రతి అంగకూ బలాన్నిస్తుంది. గ్రేహౌండ్‌ కొద్ది అంగల్లోనే గంటకు 60 నుంచి 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. దాని గుండె ఒంటి సైజుతో పోలిస్తే పెద్దది. రక్తంలో ఎర్ర కణాల వంతూ ఇతర కుక్కలకన్నా ఎక్కువే. అందుకే విదేశాల్లో కుక్కల బ్లడ్‌ బ్యాంకులకు గ్రేహౌండ్‌లు పేరున్న దాతలు.

ఇంత వేగమూ ఎంతసేపు? నిమిషం లోపే. ఆ తర్వాత నాలుక వేలాడేసుకుని ఇంటికొచ్చి పడుకుంటుంది. రోజంతా పరిగెత్తాలని తహతహలాడే కుక్క కాదిది. కొనాలనుకునేవాళ్లూ, భయపడి వద్దనుకునేవాళ్లూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

దక్కన్‌ గడ్డ మీది పరుగు

ముధోల్‌ అంటే మన నిర్మల్‌ జిల్లాలోని ముధోల్‌ కాదు. కర్ణాటక బాగల్‌కోట్‌ జిల్లాలో, ఘటప్రభ నది దగ్గరున్న ముధోల్‌. మనకు కవిత్రయం ఎలాగో కన్నడిగులకు రత్నత్రయం అలాగ. వారిలో ఒకడైన రన్నడు పుట్టింది ఆ ప్రాంతంలోనే. అక్కడి సంస్థానాన్ని పాలించిన ఘోర్పడే వంశంలో మాలోజీరావు అనే రాజు, పల్లెల్లోనూ సంచార జాతుల దగ్గరా చెల్లాచెదురుగా ఉన్న వేటకుక్కలను చేరదీసి, మంచి జోడీలు కలిపి, ఈ జాతిని నిలబెట్టాడు. ఒక జతను ఇంగ్లండ్‌ రాజు అయిదో జార్జికి కానుకగా ఇచ్చాడని, అప్పటి నుంచే ముధోల్‌ హౌండ్‌ అన్న పేరు స్థిరపడిందని అంటారు. కెన్నెల్‌ క్లబ్‌ ఆఫ్‌ ఇండియా దీన్ని కారవాన్‌ హౌండ్‌ పేరుతో నమోదు చేస్తుంది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ పల్లెల్లో తిరిగితే కార్వానీ అన్న పిలుపు వినిపిస్తుంది. నున్నటి వెంట్రుకలుంటే కార్వానీ, చెవుల మీదా తోక మీదా పట్టు కుచ్చుల్లాంటి వెంట్రుకలు వేలాడితే పష్మీ.

రాజుల చేతిలో పడడానికి ఎన్నో తరాల ముందే దక్కన్‌లో వేటకుక్కకు గౌరవం ఉంది. కర్ణాటక మండ్య జిల్లాలోని ఆతకూరులో క్రీ.శ. 949 నాటి ఒక శాసనం దొరికింది. అడవి పందితో పోరాడి, దాన్ని చంపి, తనూ ప్రాణాలు విడిచిన కాళి అనే వేటకుక్క కోసం దాని యజమాని మణలేరుడు నిలబెట్టిన రాయి అది. రాష్ట్రకూట, గంగ రాజుల యుద్ధాల ప్రస్తావన ఉన్న ఆ శాసనంలోనే కుక్క పోరాటమూ చెక్కారు. కాళిది ఏ జాతో రాయి చెప్పదు. యజమాని దానికెంత విలువిచ్చాడో మాత్రం చెబుతుంది. మన మల్లన్న పక్కన, మరాఠాల ఖండోబా పక్కన, కన్నడిగుల మైలారలింగడి పక్కన కుక్క ఉంటుంది. గొర్రెల కాపరులు కొలిచే దేవుడి వెంట కుక్క లేకుండా ఎలా?

స్వాతంత్ర్యం వచ్చాక ఈ జాతులను పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2005 జనవరిలో తపాలా శాఖ ముధోల్‌, రాజపాళయం, రాంపూర్‌ హౌండ్‌, హిమాలయన్‌ షీప్‌డాగ్‌ల మీద స్టాంపులు తెచ్చింది. ముధోల్‌ దగ్గర తిమ్మాపూర్‌లో కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం కుక్కల పరిశోధన కేంద్రం నడుపుతోంది. 2016లో అక్కడి కుక్కపిల్లలు మేరఠ్‌లోని సైనిక శిక్షణ కేంద్రానికి చేరాయి. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ఆవులకూ గేదెలకూ ఇచ్చినట్లే కుక్కలకూ జాతి నమోదు మొదలుపెట్టి, మొదట రాజపాళయం, చిప్పిపారై, ముధోల్‌లను ఆ జాబితాలో చేర్చింది. ముధోల్‌ చుట్టుపక్కల వందల కుటుంబాలకు ఈ కుక్కల పెంపకమే ఒక ఆదాయం. జొన్నపిండి, మొక్కజొన్న, పాలతో పెరిగే కుక్కలవి.

ఇంకో నిజమూ చెప్పాలి. ఈ కుక్కలతో కుందేళ్ల వేట ఇప్పటికీ అక్కడక్కడా సాగుతోంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ‘జాతి గుణం పోకూడదు కదా’ అంటూ వేటను వెనకేసుకొచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కుక్కకు కావాల్సింది పరుగు, కుందేలు ప్రాణం కాదు. నాలుగు వైపులా కంచె ఉన్న మైదానంలో తాడుకు కట్టిన గుడ్డ పీలికను లాగినా అది అంతే ఉత్సాహంగా వెంటపడుతుంది.

ఇంట్లో దాని తీరు

మా ఇంటికి వచ్చిన గౌరి పెద్ద వయసు ఆడకుక్క. కార్వానీయే, కాస్త సంకరం ఉండొచ్చు. ఫామ్‌హౌస్‌ కాపలాకని తెచ్చి, మొరగడం లేదని వదిలేశారట. సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చుకున్నాం. మొరగకపోవడం దాని తప్పు కాదు. ఈ జాతుల్లో చాలా కుక్కలు అవసరమైతేనే గొంతెత్తుతాయి. గేటు దగ్గర కొత్త మనిషిని చూస్తే లేచి నిలబడి తేరిపార చూస్తుంది. ఆ చూపుకే పార్సిల్‌ తెచ్చిన అబ్బాయి గేటు బయట ఆగిపోతాడు.

ఇంట్లో అడుగుల చప్పుడు వినపడదు. వంటింటి గడప దగ్గర నిలబడుతుంది గానీ లోపలికి రాదు. రోజులో ఎక్కువ భాగం నిద్రే. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను కింద నాలుగు కాళ్లూ గాల్లోకి పెట్టి వెల్లకిలా పడుకుంటుంది. చలికాలం వచ్చిందంటే చుట్టకుదురులా ముడుచుకుని ముక్కును తోక కింద దాచుకుంటుంది. ఒంట్లో కొవ్వు లేదు, వెంట్రుకలు పొట్టి. డిసెంబరులో హైదరాబాద్‌ చలి కూడా దానికి చలే. గచ్చు మీద పడుకుంటే మోచేతులూ తుంటి ఎముకలూ నేలకు ఒరుసుకుని చర్మం మొద్దుబారుతుంది, ఒక్కోసారి పుండు పడుతుంది. ఈ కుక్కను తెచ్చుకునేవాళ్లు మొదట కొనాల్సింది ఖరీదైన తిండి కాదు, మందపాటి పరుపు. పాత దూది పరుపును మడిచి, ఉతికే కవరు తొడిగినా చాలు.

పక్కింటి పిన్నిగారికి మొదట్లో దీన్ని చూస్తే బాధ.

‘‘ఏమ్మా, దీనికి కడుపు నిండా పెట్టట్లేదా? డొక్కలు లెక్కపెట్టొచ్చు.’’

‘‘పెడుతున్నానండీ పిన్నిగారూ. దీని ఒళ్లే అంత.’’

‘‘ఒళ్లు కాదు, పాపం. నేను రేపటి నుంచి పెరుగన్నం తెస్తా.’’

తెచ్చారు కూడా. ఆ ప్రేమకు అడ్డు చెప్పడం కష్టం. అయినా చెప్పక తప్పదు. ఆరోగ్యంగా ఉన్న సైట్‌హౌండ్‌కు చివరి రెండు మూడు పక్కటెముకలు కనపడతాయి. తుంటి ఎముకలు తెలుస్తాయి. తొడలు మాత్రం కండ పట్టి ఉంటాయి. తొడ కండ కరిగిపోయి, వెన్ను పూసలన్నీ పొడుచుకొస్తే అది నీరసం. బయటి నుంచి చూసి జాలిపడి ఒళ్లు పెంచితే ఆ సన్నటి కాళ్ల మీద, కీళ్ల మీద బరువు పడుతుంది. పిన్నిగారు ఇప్పుడు పెరుగన్నం తగ్గించి, సాయంత్రం నడకకు తోడొస్తున్నారు.

స్వభావం గురించి నిజాయతీగా చెప్పాలి. లాబ్రడార్‌ మాదిరిగా వచ్చినవాళ్లందరి మీదికీ ఎగబడి ముద్దు చేయించుకునే కుక్క కాదిది. ముధోల్‌ కొత్తవాళ్లు తాకడానికి ఇష్టపడదు. పక్కకు తప్పుకుంటుంది. ఇంట్లోవాళ్ల దగ్గర మాత్రం ఒళ్లంతా ఆనించి నిలబడుతుంది. ఆ బరువు కాలికి తగిలినప్పుడు తెలుస్తుంది, ఇది మనల్ని తనవాళ్లనుకుందని. అరిస్తే ముడుచుకుపోతుంది. కొడితే ఇక చేతికి రాదు. శిక్షణ మెల్లగా, తాయిలం ఇస్తూ, తక్కువసేపు జరగాలి. చెప్పిన మాట వెంటనే చేయకుండా ఓసారి మన ముఖంలోకి చూసి ఆలోచిస్తుంది. మొండితనం అనుకోకండి. మనిషి సైగ కోసం ఎదురుచూడకుండా తనంతట తానే వేటాడాల్సిన పనికి తయారైన బుర్ర అది.

పిల్లలున్న ఇంట్లో ఉండొచ్చా? ఉండొచ్చు, పెద్దవాళ్ల కన్ను ఉంటే. ఒక నియమం ఇంటిల్లిపాదికీ కంఠతా రావాలి. నిద్రపోతున్న కుక్క మీద ఎవరూ చేయి వేయకూడదు. కొన్ని గ్రేహౌండ్‌లు కళ్లు తెరిచే నిద్రపోతాయి. ఉలిక్కిపడి లేచి పళ్లు చూపిస్తాయి. పేరు పెట్టి పిలిచి, అది లేచాకే దగ్గరికి వెళ్లాలి.

లీష్‌ మాత్రం వదలొద్దు

‘మా కుక్క పిలిస్తే వచ్చేస్తుందండీ’ అని గొప్పగా చెప్పి, రోడ్డు మీద లీష్‌ తీసేసేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగిపోయినంత పనవుతుంది. సైట్‌హౌండ్‌ కంటికి పిల్లి ఆనాక చెవి పనిచేయదు. మీరు రెండోసారి పిలిచేలోపు అది నాలుగు వీధులు దాటిపోతుంది. అంత వేగంలో లారీ కనపడదు, ముళ్లకంచె కనపడదు. చర్మం పలుచన కాబట్టి చిన్న ముల్లు తగిలినా బాగా చీలుతుంది. రోడ్డు మీద చనిపోయే సైట్‌హౌండ్‌లకు కారణం జబ్బు కాదు, ఆ ఒక్క క్షణం.

మామూలు మెడ బెల్టు ఈ కుక్కకు పనికిరాదు. మెడకన్నా తల సన్నం. వెనక్కి ఒక్క గుంజు గుంజితే తల జారి బయటికొచ్చేస్తుంది. లాగినప్పుడు కొంచెం మాత్రమే బిగిసే వెడల్పాటి మార్టింగేల్‌ బెల్టు వేయాలి, లేదంటే ఛాతీ చుట్టూ పట్టే హార్నెస్‌. పొడుగ్గా సాగే లీష్‌ వద్దే వద్దు. పూర్తి వేగం అందుకున్నాక దాని చివర తగిలే కుదుపు కుక్క మెడకూ ప్రమాదమే, మీ భుజానికీ ప్రమాదమే.

పరుగు మరి? వారంలో కొన్నిసార్లయినా కంచె ఉన్న చోట విప్పి వదలాలి. హైదరాబాద్‌లో కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ కుక్కల పార్కు పెట్టింది. చిన్న ఊళ్లలో సెలవు రోజున ప్రహరీ ఉన్న బడి మైదానమో, తెలిసినవాళ్ల మామిడితోటో అడిగితే ఇస్తారు. తెల్లవారుజామున గానీ సూర్యుడు దిగాక గానీ పరిగెత్తించండి. మే నెలలో తొమ్మిది దాటాక తారు రోడ్డు మీదికి తీసుకెళ్లకండి. మీ చేతి వెనకభాగం రోడ్డుకు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేనిదాన్ని దాని పాదం కూడా ఓర్చుకోలేదు.

కోళ్లు, కుందేళ్లు, పిల్లులు ఉన్న ఇంటికి ఈ కుక్క సరిపడదు. చిన్నప్పటి నుంచి పిల్లితో పెరిగినవి సర్దుకున్న సందర్భాలున్నాయి. ఆ ఇంటి పిల్లితో స్నేహంగా ఉన్నదే గోడ మీద కనపడిన పరాయి పిల్లి వెంట పడుతుంది. దాన్ని తప్పుపట్టి లాభం లేదు.

డాక్టరుకు చెప్పాల్సిన మాటలు

మన ఊళ్లలో పశువైద్యుల చేతికి ఎక్కువగా వచ్చేవి లాబ్రడార్లు, పగ్‌లు, నాటు కుక్కలు. సైట్‌హౌండ్‌ తక్కువ. కాబట్టి యజమానికి కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కో, పళ్లు శుభ్రం చేయించడానికో మత్తు ఇచ్చే ముందు, ఇది సైట్‌హౌండ్‌ అని గుర్తు చేయండి. థయోపెంటాల్‌ లాంటి మత్తుమందుల నుంచి గ్రేహౌండ్‌లు తేరుకోవడానికి ఇతర కుక్కలకన్నా ఎంతో ఎక్కువ సమయం పడుతుంది. వాటి కాలేయం ఆ మందును నెమ్మదిగా విరగ్గొడుతుంది, దాచుకోవడానికి ఒంట్లో కొవ్వూ తక్కువ. వేరే మందులున్నాయి. ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది.

రక్త పరీక్షలదీ అదే దారి. గ్రేహౌండ్‌లలో ప్లేట్‌లెట్లు, థైరాయిడ్‌ హార్మోను సహజంగానే తక్కువ, ఎర్ర కణాలు ఎక్కువ. మన దగ్గర గోమార్ల వల్ల వచ్చే జ్వరం మామూలు. దానిలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒకసారి రక్త పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకుంటే, జ్వరం వచ్చినప్పుడు డాక్టరుకు పోల్చి చూసే వీలుంటుంది. గోమార్లకు నెలనెలా మందు, ఏడాదికోసారి రేబిస్‌ టీకా, మిగతా టీకాలు ఏ కుక్కకైనా తప్పనివే.

లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది. తిండిని రెండు పూటలకు పంచండి. తిన్న వెంటనే పరుగు వద్దు. కడుపు బిగుసుకుని, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే తెల్లవారేదాకా ఆగొద్దు. అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లండి. అది గంటల్లో ప్రాణం తీసే జబ్బు.

పందెం ముగిశాక...

సముద్రాల అవతల ఉన్న తెలుగు కుటుంబాలకు మరో కథ ఉంది. తెలుగువాళ్లకు గ్రేహౌండ్స్‌ అంటే 1989లో ఐపీఎస్‌ అధికారి కె.ఎస్‌.వ్యాస్‌ రూపుదిద్దిన పోలీసు దళమే గుర్తొస్తుంది. అమెరికా, ఐర్లండ్‌, బ్రిటన్‌, ఆస్ట్రేలియాల్లో గ్రేహౌండ్‌ అంటే పందెం కుక్క. 1919లో కాలిఫోర్నియాలోని ఎమెరీవిల్‌లో ఓవెన్‌ పాట్రిక్‌ స్మిత్‌ అనే వ్యక్తి యంత్రంతో పరిగెత్తే బొమ్మ కుందేలును ట్రాక్‌ మీద పెట్టాడు. 1926లో మాంచెస్టర్‌లోని బెల్‌ వ్యూకు ఆ ఆట చేరింది. ఆ బొమ్మ వెనక ఒక శతాబ్దంగా లక్షల కుక్కలు పరిగెత్తాయి. మూడు నాలుగేళ్లు నిండేసరికి చాలావాటి పందెం జీవితం అయిపోతుంది. ఆ కుక్క ఆయుష్షు పన్నెండేళ్ల దాకా ఉంటుంది. మిగిలిన ఏళ్ల మాటేమిటన్న ప్రశ్నకు పాత రోజుల్లో దొరికిన జవాబు చాలాసార్లు చావే.

కాలం మారుతోంది. అమెరికాలో ట్రాక్‌లు ఎక్కువున్న ఫ్లోరిడాలో 2018 నవంబరులో 69 శాతం ఓటర్లు పందేలను ఆపాలన్నారు. 2020 చివరితో అక్కడ ఆ ఆట ముగిసింది. 2018 జూలైలో మకావ్‌లోని కేనిడ్రోమ్‌ అనే పందెం ట్రాక్‌ మూతపడినప్పుడు అయిదు వందలకు పైగా కుక్కలు మిగిలాయి. స్వచ్ఛంద సంస్థలు వాటిని ఒక్కొక్కటిగా దేశదేశాల ఇళ్లకు చేర్చాయి. 2024 డిసెంబరులో న్యూజిలాండ్‌, ఆ తర్వాత కొద్ది నెలలకే వేల్స్‌ పందేలకు స్వస్తి చెబుతామని ప్రకటించాయి. ఐర్లండ్‌, ఇంగ్లండ్‌, ఆస్ట్రేలియాల్లో మాత్రం ట్రాక్‌లు ఇంకా నడుస్తున్నాయి. అక్కడి దత్తత సంస్థల దగ్గర రిటైరైన గ్రేహౌండ్‌లు ఎప్పుడూ ఇంటి కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి.

డబ్లిన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో రెండు గదుల ఇంట్లో ఉండే మన పిల్లలు ‘ఇంత పెద్ద కుక్క మా ఇంట్లో ఎక్కడ పడుతుంది’ అనుకుంటారు. సోఫాలో ఓ మూల పడుతుంది. పొద్దున ఒక నడక, సాయంత్రం ఒక నడక, మధ్యలో నిద్ర. ఆ కుక్క చెవి లోపల చూడండి. పందెం కుక్కగా నమోదు చేసినప్పుడు పొడిచిన పచ్చబొట్టు అక్షరాలు కనిపించవచ్చు. పుట్టింది మొదలు బోనులోనే ఉన్న ప్రాణం కాబట్టి దానికి మెట్లెక్కడం రాదు. అద్దాల తలుపు తెలియదు, వెళ్లి గుద్దుకుంటుంది. నున్నటి టైల్స్‌ మీద కాళ్లు జారుతుంటే మధ్యలో నిలబడిపోయి వణుకుతుంది. మొదటి మెట్టు మీద మీరు కూర్చుని, ఒక్కో కాలు పట్టుకుని మెట్టు మీద పెట్టి చూపించాలి. నేర్చుకున్నాక మీ వెనకే మేడ మీది పడగ్గదిలోకీ వస్తుంది.

తెచ్చుకునే ముందు

మన దగ్గరికి వద్దాం. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, కుక్కపిల్లలను పుట్టించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి. రెండు నెలలు నిండని పిల్లను అమ్మకూడదు. వాట్సాప్‌లో బేరమాడి, బస్సు డిక్కీలో అట్టపెట్టెలో నెల పిల్లను పంపేవాళ్ల దగ్గర కొనకండి. గ్రేహౌండ్‌తో కలిపిన సంకరాన్ని అసలు సిసలు ముధోల్‌గా అంటగట్టేవాళ్లూ ఉన్నారు. తల్లిని చూపించనివాడి దగ్గర పిల్లను తీసుకోవద్దు. జాతిని కాపాడే పనిలో పాలుపంచుకోవాలన్న కోరిక నిజంగా ఉంటే తిమ్మాపూర్‌ కేంద్రాన్ని గానీ, తరాలుగా పెంచుతున్న రైతు కుటుంబాన్ని గానీ వెళ్లి కలవండి.

అంత పట్టింపు లేని మామూలు కుటుంబానికి నా సలహా మరొకటి. పెరిగిన కుక్కను దత్తత తీసుకోండి. పిల్లను తెచ్చుకుంటే అది రేపు ఎలా తయారవుతుందో ఎవరికీ తెలియదు. రెండేళ్లు దాటిన కుక్క ఎత్తెంతో, తీరేమిటో, పిల్లలతో ఎలా ఉంటుందో, పిల్లిని చూస్తే ఏం చేస్తుందో సంరక్షణ కేంద్రం వాళ్లు చెప్పగలరు. పళ్లొచ్చే వయసులో చెప్పులు కొరికే గొడవ దాటిపోయి ఉంటుంది. చాలావాటికి ఆపరేషన్‌, టీకాలు అయిపోయి ఉంటాయి. పెద్ద కుక్క కొత్త ఇంటికి అలవాటు పడదన్నది ఉత్త మాట. మొదటి వారం మూలన కూర్చుంటుంది, తిండి సరిగ్గా ముట్టదు. తొందరపెట్టకండి. బంధువులందరినీ పిలిచి చూపించకండి. ఒకే చోట పరుపు, ఒకే వేళకు తిండి, ఒకే దారిలో నడక. కొన్నాళ్లకు అదే వచ్చి మీ మోకాలికి ఆనుకుంటుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నామన్న బెంగ అక్కర్లేదు. పెంపుడు కుక్కలను అసోసియేషన్లు నిషేధించలేవని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన బాధ్యత మనం మరవకూడదు. మున్సిపాలిటీలో లైసెన్సు తీసుకోవాలి, లిఫ్టులో లీష్‌ పొట్టిగా పట్టుకోవాలి, రోడ్డు మీద అది చేసినది మనమే ఎత్తాలి.

ఎవరు తెచ్చుకోకూడదో కూడా చెబుతాను. పొద్దున వెళ్లి రాత్రికి గానీ ఇల్లు చేరని జంటలు, గొలుసు వేసి గేటు దగ్గర కట్టడానికి కుక్క కావాలనుకునేవాళ్లు, పొలంలో కోళ్లు పెంచేవాళ్లు. రీల్స్‌ కోసం, నలుగురిలో గొప్ప కోసం అయితే అసలే వద్దు.

మిగిలినవాళ్లకు ఒక విన్నపం. కుక్కపిల్ల ప్రకటనకు ఫోన్‌ చేసే ముందు మీ ఊళ్లోనో, దగ్గరి పట్టణంలోనో ఉన్న జంతు సంరక్షణ కేంద్రానికి ఒక ఫోన్‌ చేయండి. ‘ముధోల్‌ గానీ కార్వానీ సంకరం గానీ, పెరిగిన కుక్క ఏదైనా ఉందా’ అని అడగండి. ఉందంటే ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లి, దాన్ని కాసేపు నడిపించి చూడండి. నచ్చితే మందపాటి పరుపు, వెడల్పాటి బెల్టు ముందు కొని, ఆ తర్వాతే దాన్ని ఇంటికి తెచ్చుకోండి.